రోమ్‌లోనూ ‘మర్నాడు’ పనికిరాదు

పాఠకుల ప్రశ్నలు, మాస్టారి జవాబులు

గత నెల ఒక పాఠకుడు ‘క్యాలెండర్’ అన్న మాట ఎక్కడిదని అడిగితే, రోమన్ల వడ్డీ పద్దు పుస్తకం పేరు లెండి అని రెండు ముక్కల్లో తేల్చేశాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగకుండా, ‘వాళ్లకీ మనలాగే పనికిరాని రోజులుండేవి, కానే అనే ఊరి దగ్గర యుద్ధంలో చావుదెబ్బ తిన్నది ఆగస్టు నోన్స్‌కి ముందు నాలుగో రోజున కాబట్టి ఆ నాలుగో రోజంటే హడలిపోయేవాళ్లు’ అని ఒక వాక్యం తగిలించాను (నోన్స్ అంటే ఏమిటో కిందే చెబుతాను). దాని మీద ఉత్తరాలు, మెయిళ్లు కలిపి ఇరవై మూడు వచ్చాయి. సీజర్‌కి తగిలిన కత్తిపోట్లు కూడా సరిగ్గా ఇరవై మూడే. ముప్ఫై నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పాను గానీ ఒక్క పాఠానికి ఇన్ని ప్రశ్నలు ఏనాడూ రాలేదు. అందుకే ఈ నెలంతా రోమ్. వేరే విషయాలు అడిగినవాళ్లు ఏమీ అనుకోకండి, మీవి వచ్చే నెల.

బ్యాంకు ఉద్యోగి, రాజమహేంద్రవరం: మాస్టారూ, మార్చి 15 వస్తే చాలు మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ‘ఐడ్స్ ఆఫ్ మార్చ్, జాగ్రత్త’ అని పెడతారు. అసలే మాకు ఇయర్ ఎండింగ్ టెన్షన్. ఐడ్స్ అంటే ఏమిటి? రోమన్లకి అది అంత చెడ్డ రోజా?

చెడ్డ రోజు కాదండీ, పైగా మంచి రోజు. ముందు లెక్క చెబుతాను. రోమన్లు తేదీల్ని మనలా ఒకటి, రెండు, మూడు అని వరసగా చెప్పేవాళ్లు కాదు. నెలలో మూడు గుంజలు పాతుకున్నారు. ఒకటో తేదీ కలెండ్స్, 5న నోన్స్, 13న ఐడ్స్. మార్చి, మే, జులై, అక్టోబరు నెలల్లో మాత్రం నోన్స్ 7కీ, ఐడ్స్ 15కీ జరుగుతాయి. మిగతా రోజులన్నీ ‘రాబోయే ఫలానా గుంజకి ఇన్నో రోజు’ అని వెనక్కి లెక్క. మొదట్లో ఇవి చంద్రుణ్ణి చూసి పెట్టుకున్నవే. కలెండ్స్ అంటే నెలపొడుపు, ఐడ్స్ అంటే పున్నమి. ఐడ్స్ జూపిటర్‌ది. ప్రతి ఐడ్స్‌కీ తెల్లటి గొర్రెను ఊరేగింపుగా తీసుకెళ్లి ఆయనకి బలి ఇచ్చేవాళ్లు.

మార్చి ఐడ్స్ అయితే ఏకంగా వనభోజనాల రోజు. అన్నా పెరెన్నా అనే దేవత పండగ. జనం జంటలు జంటలుగా టైబర్ నది ఒడ్డున గడ్డి మీద చేరేవాళ్లు. కొందరు గుడారాలు వేసుకునేవాళ్లు, కొందరు కొమ్మలతో పాక అల్లుకునేవాళ్లు, ఏమీ లేనివాళ్లు నాలుగు రెల్లుకర్రలు పాతి పైబట్ట పరిచేసేవాళ్లు. ఎన్ని గిన్నెల ద్రాక్షసారా తాగితే అన్నేళ్ల ఆయుష్షు అని లెక్క. తాగి, పాడి, చిందులేసి సాయంత్రానికి తూలుతూ ఇళ్లకి బయల్దేరేవాళ్లు. ఒవిడ్ కవి దారిలో చూశానంటాడు: తాగిన ముసలమ్మ తాగిన ముసలాయన్ని లాక్కుపోతోందట.

ఊళ్లో జనం అలా ఉండగా క్రీ.పూ. 44లో అదే రోజున సెనేట్ సమావేశంలో సీజర్‌ని పొడిచారు. స్పురిన్నా అనే ఆయన, బలి పశువుల పేగులు చూసి శకునం చెప్పేవాడు, ఐడ్స్ దాటేదాకా ప్రమాదమని ముందే హెచ్చరించాడు. ఆ ఉదయం సీజర్ ఎదురుపడి ‘ఐడ్స్ వచ్చేసిందిగా’ అని వేళాకోళం చేస్తే, ‘వచ్చింది, ఇంకా పోలేదు’ అన్నాడట. ఆ తర్వాత సెనేట్ ఆ రోజుకి ‘పితృహత్య దినం’ అని పేరుపెట్టి, ఆ తేదీన మళ్లీ ఎప్పుడూ సమావేశం కాకూడదని తీర్మానించింది. అంటే ఆ రోజుకి చెడ్డపేరు గ్రహాల వల్ల రాలేదు, మనుషుల వల్ల వచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింది జవాబుల్లో మళ్లీ అవసరం పడుతుంది.

మీరు బ్యాంకువాళ్లు గనక ఇంకొకటి. ఐడ్స్ అంటే, కలెండ్స్ అంటే నిజంగా గుండె గుభేలుమనేది అప్పులున్నవాళ్లకే. వడ్డీలు కట్టాల్సింది ఆ రోజుల్లోనే. అప్పు ఎప్పటికీ తీర్చనివాడి గురించి అగస్టస్ చక్రవర్తి ‘వాడు గ్రీకుల కలెండ్స్‌కి కడతాడులే’ అనేవాడట. గ్రీకులకి కలెండ్సే లేదు. మన కిరాణా కొట్లలో ‘నేడు నగదు, రేపు అప్పు’ అని బోర్డు పెడతారు చూడండి, ఆ రేపు లాంటిదే.

విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడు, తెనాలి: అయ్యా, ఆగస్టు నోన్స్ 5వ తేదీ. కానే యుద్ధం 2వ తేదీన జరిగిందని పుస్తకాల్లో ఉంది. అయిదులోంచి రెండు తీసేస్తే మూడు. మీరు ‘నాలుగో రోజు’ అని రాశారు. చరిత్ర మాస్టారైతే మాత్రం తీసివేత రాకపోతే ఎలా?

తీసివేత వచ్చండీ. మీ లెక్క కరెక్టు, రోమన్ల లెక్క వేరు. వాళ్లు రెండు చివర్లనీ కలుపుకుని లెక్కపెడతారు. 2, 3, 4, 5. నాలుగు. మనకీ ఈ అలవాటు లేకపోలేదు. చనిపోయిన రోజుని ఒకటిగా పట్టుకునే కదా పదకొండో రోజు అంటాం. ఈ ఆదివారానికి వచ్చే ఆదివారం ‘ఎనిమిదో రోజు’ అంటాం, ఏడని అనం. రోమ్‌లో సంత ఎనిమిది రోజులకొకసారి జరిగేది, దాని పేరు నుండినే. ఆ పేరులో ఉన్నది తొమ్మిది.

ఈ లెక్క వాళ్లనే ఓసారి ముంచింది. సీజర్ క్యాలెండర్ని సరిచేసి, నాలుగేళ్లకోసారి ఒక రోజు కలపమని చెప్పి పోయాడు. ఆయన పోయాక పూజారులు ‘నాలుగో ఏట’ అన్నదాన్ని తమ పద్ధతిలో లెక్కేసుకుని మూడేళ్లకోసారి కలుపుతూ వచ్చారు. ముప్ఫై ఆరేళ్లలో తొమ్మిది కలపాల్సింది పన్నెండు కలిపారు. అగస్టస్ వచ్చి కొన్నాళ్లు లీపు రోజులు ఆపించి ఆ మూడూ సర్దాడు. మీలాంటి లెక్కల మాస్టారు ఒక్కరుంటే సరిపోయేది.

కానే సంగతి: క్రీ.పూ. 216లో కార్తేజ్ సేనాని హన్నిబాల్ చేతిలో ఒక్క మధ్యాహ్నం పోయినవాళ్లు చరిత్రకారుడు లివీ లెక్కలో 48 వేల మంది, ఇంకో చరిత్రకారుడు పాలిబియస్ లెక్కలో 70 వేలు. ఆ దెబ్బకి ఆగస్టు నోన్స్ ముందు నాలుగో రోజే కాదు, ఏ నెలలోనైనా సరే కలెండ్స్‌కి, నోన్స్‌కి, ఐడ్స్‌కి ముందు నాలుగో రోజు చాలామంది వదిలేశారు. ఇది పూజారులు పెట్టిన నియమం కాదు, జనం తమంతట తాము పెట్టుకున్న భయం.

డిగ్రీ విద్యార్థి, నల్లగొండ: సార్, రోమన్లకి ‘నల్ల రోజులు’ ఉండేవని చదివాను. ఏవి? ఎందుకు నల్లవి?

బాబూ, ముందు నా కథ చెప్పనీ. 1982లో నాకు లెక్చరర్ ఉద్యోగం ఆర్డర్ వచ్చింది. పెట్టె సర్దుకుని బయల్దేరబోతే మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అమావాస్య. సరే, మర్నాడు వెళ్తానన్నాను. మర్నాడు పాడ్యమి, అదీ పనికిరాదంది. విదియ నాడు వెళ్లి చేరాను. నాతోపాటే ఆర్డర్ అందుకున్న ఇంకో ఆయన అమావాస్య నాడే దర్జాగా సంతకం పెట్టేశాడు. ఆ రెండు రోజుల తేడాతో ఆయన నాకు సీనియర్. ప్రిన్సిపాల్ కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఇన్‌చార్జి ఆయనే. ఏ కాలేజీ అని అడక్కు. అమావాస్య సరే, చీకటి రోజు, అర్థం చేసుకోగలను. దాని మర్నాడు ఏం పాపం చేసిందని చాలా ఏళ్లు అనుకునేవాణ్ణి. రోమన్ల గురించి చదివాక కాస్త ఊరట కలిగింది. వాళ్లకీ మర్నాడే చెడ్డది.

కలెండ్స్, నోన్స్, ఐడ్స్ ఈ మూడింటి మర్నాళ్లు నల్ల రోజులు. ఏడాదికి ముప్ఫై ఆరు. ఆ రోజుల్లో కొత్త పని ఏదీ మొదలుపెట్టరు. బలి ఇవ్వరు, పెళ్లి చేయరు, సైన్యాన్ని పిలవరు, తమంతట తాము యుద్ధానికి దిగరు. శత్రువు మీదికొస్తే మాత్రం ఎదుర్కోవచ్చు, అంత తెలివితక్కువవాళ్లు కాదు.

కారణం వాళ్లు చెప్పుకున్నది ఇదీ. క్రీ.పూ. 390 జులై 18న రోమ్‌కి పదకొండు మైళ్ల దూరంలో అల్లియా అనే ఏటి దగ్గర గాల్ తెగలవాళ్లు రోమన్ సైన్యాన్ని తుడిచిపెట్టేశారు. తర్వాత ఊళ్లోకి దిగి తగలబెట్టారు. వాళ్లని వదిలించుకున్నాక సెనేట్ కూర్చుని, మనకెందుకింత దెబ్బ తగిలిందని ఆరా తీసింది. అక్వినియస్ అనే శకునాల పండితుడు లేచి, సేనాధిపతి సల్పీషియస్ యుద్ధానికి ముందు బలి ఇచ్చింది జులై 16న, అంటే ఐడ్స్ మర్నాడు అన్నాడు. అంతే, చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కొక్కరూ ‘అవునండోయ్, ఫలానా యుద్ధానికి ముందూ మర్నాడే బలి ఇచ్చారు, అదీ ఓడిపోయాం’ అని గుర్తు చేసుకోవడం మొదలుపెట్టారు. మర్నాడు బలి ఇచ్చి గెలిచిన యుద్ధాలు ఎన్నున్నాయో ఎవరూ లెక్క తీయలేదు. సంగతి పూజారుల మండలికి పంపితే వాళ్లు మూడు మర్నాళ్లనీ కొట్టిపారేశారు.

జులై 18 అయితే ఇక చెప్పనే అక్కర్లేదు. అంతకు ముందు క్రెమెరా ఏటి దగ్గర ఫేబియస్ వంశంవాళ్లు 306 మంది ఒకేసారి పోయింది కూడా ఆ తేదీనే అని లివీ రాశాడు. ఒవిడ్ మాత్రం అది ఫిబ్రవరి 13 అంటాడు. నాకు ఒవిడ్ మాట నమ్మాలనిపిస్తుంది. రెండు పెద్ద ఏడుపులు ఒకే తేదీన పడితే కథ అందంగా ఉంటుంది గానీ, తేదీలు అంత అందంగా పడవు.

గృహిణి, మంచిర్యాల: సార్, మా అమ్మాయి పెండ్లి కుదిరింది. ఆషాఢమని ఒకరు, మూఢమని ఒకరు, ముహూర్తమే దొరకక తిప్పలైతున్నది. రోమన్లకు ఈ గోల ఉండేదా?

ఉండేదమ్మా, మనకంటే ఎక్కువ. మే నెల పెళ్లికి పనికిరాదు. మేలో చేసుకునేది చెడ్డ ఆడవాళ్లేనని సామెత కూడా ఉండేది. ఎందుకంటే మే 9, 11, 13 తేదీల్లో లెమూరియా. చచ్చిపోయినవాళ్లు ఇళ్లలోకి వచ్చే రాత్రులు. ఇంటి పెద్ద అర్ధరాత్రి లేచి, చెప్పుల్లేకుండా, బొటనవేలిని వేళ్ల మధ్య బిగించి, చేతులు కడుక్కుని, నల్ల చిక్కుడు గింజలు వెనక్కి తిరిగి చూడకుండా విసురుతూ, ‘వీటితో నన్నూ నావాళ్లనీ విడిపించుకుంటున్నాను’ అని తొమ్మిదిసార్లు అనేవాడు. వెనకాల నీడలు ఆ గింజలు ఏరుకుంటాయని నమ్మకం. ఆ తర్వాత కంచు పళ్లెం మోగిస్తూ, ‘మా పితరుల్లారా, బయటికి పోండి’ అని మళ్లీ తొమ్మిదిసార్లు. ఇట్లాంటి నెలలో పందిరి ఎవరు వేస్తారు?

ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా పితృదేవతల రోజులు, గుళ్ల తలుపులు మూసేస్తారు, అదీ లేదు. ఆగస్టు 24, అక్టోబరు 5, నవంబరు 8న పాతాళం మూత తీస్తారు. ఊళ్లో ఒక గుంట ఉండేది, దాని మూత ఆ మూడు రోజులే తెరిచేవాళ్లు. అప్పుడూ లేదు. ఇక పైన చెప్పిన మర్నాళ్లు ఎటూ లేవు.

జూన్ మొదటి సగం గురించి ఒవిడ్ సొంత కథ ఉంది. ఆయనకీ కూతురి పెళ్లి. ముహూర్తం అడగడానికి జూపిటర్ పూజారి భార్య దగ్గరికి వెళ్లాడు. ఆవిడ చెప్పింది: పొయ్యి దేవత వెస్టా గుడి ఊడ్చిన చెత్త టైబర్లో కలిసి సముద్రం చేరేదాకా నేనే తల దువ్వుకోకూడదు, ఇనుముతో గోళ్లు తీసుకోకూడదు, మా ఆయన్ని ముట్టుకోకూడదు. నువ్వు మాత్రం తొందరపడకు, గుడి నేల శుభ్రమయ్యాక చెయ్యి, నీ కూతురు సుఖపడుతుంది. ఆ చెత్త ఊడ్చే రోజు జూన్ 15. రెండు వేల ఏళ్ల కిందటి తండ్రి, చేతులు కట్టుకుని ఒక పెద్ద ముత్తయిదువ ముందు నిలబడి, పదిహేను రోజులు ఆగుతానని ఒప్పుకుని ఇంటికి వచ్చాడన్నమాట. మీ ఇంట్లో పంతులు వచ్చి వెళ్లాక మీవారి ముఖం ఎట్లుంటుందో ఆయన ముఖమూ అట్లాగే ఉండి ఉంటుంది.

ఒక్క సౌకర్యం మాత్రం ఉండేది. పండగ రోజుల్లో కన్యలకి పెళ్లి చేయకూడదు గానీ విధవలు మళ్లీ పెళ్లాడొచ్చు. ఎందుకని ప్లూటార్క్ అనే రచయిత ఆలోచించి, పండగనాడు జనమంతా వేరే సందడిలో ఉంటారు, రెండో పెళ్లి ఎవరి కంటా పడదు అని ఒక కారణం రాశాడు. ఈ కారణం మాత్రం నాకు బాధగా అనిపిస్తుంది.

పురోహితుడు, శ్రీకాకుళం జిల్లా: మాకు పంచాంగం ఉంది. అందరూ కొనుక్కోవచ్చు, చదువుకోవచ్చు. రోమన్ల పంచాంగం ఎవరి చేతిలో ఉండేది?

పంతులుగారూ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. మొదట్లో అసలు రాత పంచాంగమే లేదు. నెలపొడుపు చూశాక ఒక చిన్న పూజారి కాపిటల్ కొండ మీద నిలబడి నోన్స్ ఎన్నో రోజున పడుతుందో అయిదుసార్లో ఏడుసార్లో కేక వేసి చెప్పేవాడు. మన ఊళ్లలో టముకు వేసినట్టు. కలెండ్స్ అన్న మాటకి అర్థమే ‘పిలవడం’. ఏ రోజు కోర్టు పెట్టొచ్చు, ఏ రోజు పెట్టకూడదు అన్నది పూజారుల దగ్గరే. కేసు ఉన్నవాడు వాళ్ల గుమ్మం తొక్కాల్సిందే.

దీన్ని బద్దలుకొట్టింది నేయస్ ఫ్లావియస్ అనే గుమాస్తా. బానిసత్వం నుంచి విడుదలైనవాడి కొడుకు. క్రీ.పూ. 304లో బజార్లు, ఊరి పనులు చూసే ఈడైల్ పదవికి ఎన్నికై, రోజుల పట్టిక మొత్తం తెల్ల సున్నం పూసిన పలకల మీద రాయించి నడిబజారులో పెట్టించాడు. పెద్దింటివాళ్లకి ఒళ్లు మండింది. ఒకసారి జబ్బుపడ్డ సహోద్యోగిని చూడ్డానికి వెళ్తే అక్కడ కూర్చున్న పెద్దింటి కుర్రాళ్లు కావాలనే లేచి నిలబడలేదు. ఈయన ఏమీ అనకుండా తన పదవి కుర్చీ తెప్పించుకుని గుమ్మంలో వేయించుకుని అందులో కూర్చున్నాడు. వాళ్లు లోపల, ఈయన కుర్చీ మీద. క్లాసులో ఈ కథ చెప్పిన ప్రతి ఏడూ వెనక బెంచీ నుంచి చప్పట్లు వినపడేవి.

అయినా నెలలు కలిపే అధికారం పూజారుల దగ్గరే ఉండిపోయింది. వాళ్ల ఏడాదికి 355 రోజులే. సరి సంఖ్య అచ్చిరాదని 354కి ఒకటి కలిపారు. నెలలకి కూడా 29, 31, ఒక్క ఫిబ్రవరికే 28, అది ఎటూ చచ్చిపోయినవాళ్ల నెల అని. ఋతువులతో సరిపోవాలంటే అప్పుడప్పుడు ఫిబ్రవరిలో అధికమాసం దూర్చాలి. మనకి అధికమాసం ఎప్పుడొస్తుందో లెక్క కట్టి ముందే చెప్పొచ్చు. వాళ్లకి పూజారుల ఇష్టం. అస్మదీయుడు పదవిలో ఉంటే ఒక నెల కలిపి పొడిగించడం, తస్మదీయుడైతే ఎగ్గొట్టడం. క్రీ.పూ. 51లో ఇప్పటి టర్కీలోని సిలీషియాకి గవర్నర్‌గా వెళ్లిన సిసెరో, ఈ ఏడు అధికమాసం పడకుండా చూడవయ్యా అని రోమ్‌లోని స్నేహితుడికి జాబులు రాశాడు. ఎప్పుడు ఇంటికి పోదామా అని ఉంది పాపం ఆయనకి. చివరికి ఎంత గందరగోళమైందంటే, సీజర్ దాన్ని సర్దడానికి క్రీ.పూ. 46ని ఏకంగా 445 రోజుల ఏడాది చేయాల్సి వచ్చింది.

ఈ సీజరే క్రీ.పూ. 59లో, ఏడాదికి ఇద్దరేసి ఎన్నికయ్యే అత్యున్నత అధికారుల్లో ఒకడిగా, అంటే కాన్సల్‌గా ఉన్నప్పుడు తోటి కాన్సల్ బిబులస్ ఇంట్లో తలుపేసుకుని కూర్చుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నాను కాబట్టి ఈ రోజు సభ చెల్లదు అని రోజూ కబురు పంపేవాడు. సీజర్ లెక్కచేయలేదు. జనం ఆ ఏడాదిని ‘జూలియస్, సీజర్‌ల కాన్సల్‌గిరి’ అని నవ్వుకున్నారు.

రోమ్‌కి నేను ఒక్కసారే వెళ్లాను, మేనల్లుడు అక్కడ చదువుకునే రోజుల్లో. అందరూ కొలోసియం వైపు పోతుంటే నేను పెద్ద రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న మాసిమో భవనం మ్యూజియంలో ఒక గోడ ముక్క ముందు నిలబడిపోయాను. ఆంజియో ఊళ్లో దొరికింది. సీజర్ సంస్కరణకి ముందు నాటి రోమన్ క్యాలెండర్లలో మనకి మిగిలింది అదొక్కటే. సున్నపు గచ్చు మీద నలుపు, ఎరుపు రంగులతో పదమూడు నిలువు వరసలు. పన్నెండు నెలలు, పదమూడోది అధికమాసం. ప్రతి రోజు పక్కనా సంతకి గుర్తుగా ఏ నుంచి హెచ్ వరకు ఒక అక్షరం, దాని పక్కన ఆ రోజు జాతకం: ఎఫ్ అంటే కోర్టు పెట్టొచ్చు, ఎన్ అంటే కూడదు, సి అంటే సభ జరపొచ్చు. అడుగున నెలకి ఎన్ని రోజులో అంకె. సగం పెచ్చులూడిపోయింది. మా వంటింట్లో తలుపు వెనక వేలాడే క్యాలెండరే గుర్తొచ్చింది. సెలవుకి ఎర్ర అంకె, అమావాస్యకి నల్ల చుక్క, పాల లెక్క రాసుకున్న పెన్సిలు గీతలు. పాల లెక్క ఒక్కటే ఆ గోడ మీద కనపడలేదు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్: ‘ఫ్రైడే ద థర్టీన్త్’ భయం రోమన్ల నుంచే వచ్చిందంటారు, నిజమేనా?

కాదు. ఎనిమిది నెలల్లో 13వ తేదీ ఐడ్స్, జూపిటర్ రోజు, శుభం. శుక్రవారాన్నీ 13నీ జతచేసి భయపడటం ఈమధ్య రెండు వందల ఏళ్లలో బలపడింది. స్పెయిన్‌లో, గ్రీస్‌లో అయితే మంగళవారం 13కి భయపడతారు. రోమన్ని భయపెట్టాలంటే 14వ తేదీ చెప్పండి, ఐడ్స్ మర్నాడు.

ప్రవాస పాఠకుడు, డల్లాస్: మా పిల్లలకి వారాల పేర్లు నేర్పిస్తుంటే ఒక డౌట్ వచ్చింది. సన్‌డే ఆదివారం, మన్‌డే సోమవారం, రెండింటిలోనూ సూర్యుడు, చంద్రుడు అదే వరస. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

ఇద్దరూ ఒకే చోట నేర్చుకున్నారు. సంత లెక్క ఎనిమిది రోజులదైనా, ఏడు గ్రహాల వారం రోమన్లలోకి మెల్లగా వచ్చింది. క్రీ.శ. 79లో బూడిద కింద పడిపోయిన పాంపేయి గోడల మీద శని, సూర్యుడు, చంద్రుడు అంటూ వారాల పేర్లు గీసి ఉన్నాయి. గ్రీకు జ్యోతిషం రోమ్‌కి ఒక వైపు, మనకి ఒక వైపు పాకింది. మన పంచాంగంలో ‘హోర’ ఉంది చూడండి, అది గ్రీకు మాట. ఈజిప్టు నుంచి ఇంగ్లాండు దాకా వారాల వరస ఇలాగే ఎందుకుందో ఆ హోరలోనే ఉంది. దూరాన్ని బట్టి గ్రహాలు శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఒక్కో గంటకి ఒక్కో గ్రహం అధిపతి. శనివారం మొదటి గంట శనిది అయితే, ఇరవై నాలుగు గంటలు తిరిగేసరికి మర్నాటి మొదటి గంట రవిది అవుతుంది. ఆ మర్నాడు చంద్రుడిది. పిల్లలకి కాగితం ఇచ్చి వేయించండి, ఐదు నిమిషాల పని. రోమన్ చరిత్రకారుడు కాసియస్ డయో వారాల వరసకి ఇదే లెక్క రాసిపెట్టాడు. మన దేశంలో వారం పేరు కనిపించే శాసనాల్లో పాతది మధ్యప్రదేశ్‌లోని ఏరణ్ స్తంభం మీదిది, క్రీ.శ. 484, గురువారం.

శనివారం అంటే వాళ్లకీ కాస్త జంకే. టిబుల్లస్ అనే కవి ప్రియురాల్ని వదిలి ప్రయాణం కట్టడం ఇష్టం లేక, శకునం బాలేదని ఒకసారి, శనివారమని ఒకసారి సాకులు చెప్పాడు.

పేరు రాయవద్దన్న పాఠకుడు, విజయవాడ: ఇంతమంది భయపడ్డారన్నారు. ఒక్కడైనా ‘చూద్దాం, ఏమవుతుందో’ అన్నవాడు లేడా?

ఇద్దరున్నారు. ఒకడు గెలిచాడు, ఒకడు పోయాడు.

గెలిచినవాడు రోమన్ సేనాని లుకుల్లస్. క్రీ.పూ. 69 అక్టోబరు 6న ఆర్మీనియా రాజు టిగ్రానిస్ రాజధాని దగ్గర ఏటికి ఇవతల నిలబడి ఉన్నాడు. అవతల రాజు పటాలం ఎంత పెద్దదంటే, రోమన్లని చూసి టిగ్రానిస్, ‘రాయబారానికైతే మరీ ఎక్కువమంది, యుద్ధానికైతే మరీ తక్కువమంది’ అని నవ్వాడట. లుకుల్లస్ ఏరు దాటమనగానే అధికారులు అడ్డం పడ్డారు. ఆ రోజు నల్ల రోజు. క్రీ.పూ. 105లో అదే తేదీన ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆరెంజ్ దగ్గర సింబ్రీ తెగవాళ్లు రోమన్ సైన్యాన్ని ఊచకోత కోశారు. 80 వేల మంది పోయారని వాళ్ల రాతలు. ‘అయితే ఈ రోజుని కూడా రోమన్లకి మంచి రోజు చేసేస్తాను’ అన్నాడు లుకుల్లస్. ఏరు దాటాడు, గెలిచాడు. నాకు ఈ జవాబులో ఆ ‘కూడా’ అన్న మాట ఇష్టం.

పోయినవాడు విటెల్లియస్. క్రీ.శ. 69లో రోమ్ సింహాసనం చేతులు మారుతూ ఈయన దగ్గరికి వచ్చింది. ప్రధాన పూజారి పదవి తీసుకుని, పూజల మీద తొలి ఆజ్ఞ వేసింది ఏ రోజున అనుకున్నారు? జులై 18. అల్లియా రోజు. రోజుల గురించి తెలిసుండాల్సిన ప్రధాన పూజారే ఆ రోజున ఆజ్ఞ వేస్తే జనం నోళ్లు నొక్కుకున్నారు. డిసెంబరులో ఆయన్ని వీధుల్లో ఈడ్చి చంపి టైబర్లో పడేశారు. అవతల సింహాసనానికి పోటీకొచ్చిన వెస్పాసియన్ పక్షాన అన్ని దళాలు కదిలి వస్తుంటే ఏ తేదీన ఆజ్ఞ వేసినా అంతే జరిగేది, కానీ టాసిటస్ లాంటి చరిత్రకారుడు కూడా ఆ తేదీని రాయకుండా ఉండలేకపోయాడు.

మీరు అడగలేదు గానీ అగస్టస్ సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అంతటి చక్రవర్తి సంత మర్నాడు ప్రయాణం కట్టేవాడు కాదు, నోన్స్ నాడు ముఖ్యమైన పని ఏదీ మొదలుపెట్టేవాడు కాదు. నోన్స్‌కి ఎందుకంటే కేవలం ఆ పేరు అపశకునంగా వినపడుతుందని తనే సవతి కొడుకు తైబీరియస్‌కి జాబు రాశాడు. లాటిన్‌లో ‘నోనిస్’ని విడదీస్తే ‘నువ్వు వెళ్లవు’ అని వస్తుంది. ఎడమ చెప్పు పొరపాటున కుడి కాలికి తొడిగితే ఆ రోజంతా గుబులే. ఉరుములంటే హడలి, సీలు తోలు ముక్క ఎప్పుడూ దగ్గర పెట్టుకునేవాడు. ఇదే మనిషి తన శత్రువు ఆంటోనీ పుట్టినరోజు జనవరి 14ని శాసనం చేయించి మరీ చెడ్డ రోజుల్లో కలిపేశాడు. గోడ క్యాలెండర్లలో ఆ తేదీ పక్కన ‘దోషం’ అని రాసి ఉంది. తమాషా ఏమిటంటే ఆయన ఇంకో సవతి కొడుకు డ్రూసస్ కూడా ఆ తేదీనే పుట్టాడు. డ్రూసస్ కొడుకు క్లాడియస్ చక్రవర్తి అయ్యాక, మా నాన్న పుట్టినరోజు ఘనంగా చేయండి, మా తాత ఆంటోనీ పుట్టినరోజూ అదే కదా అన్నాడు.